గాలి లేని దానం

జగ్గయ్యపేట,
ఆగస్టు 11.

కిషోర్ అన్నయ్యగారికి,

ప్రసన్న నమస్కారాలు. ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటున్నారేమో. మన ఫోన్ల సంగతి మీకు తెలియనిదేముంది? నేను "అన్నయ్యా" అంటాను, మీరు "అమ్మా ప్రసన్నా" అంటారు, ఆ తర్వాత ఇద్దరం ముక్కులు ఎగబీల్చుకోవడమే. మీ స్నేహితుడు పోయి తొమ్మిది నెలలు కావస్తున్నా మనం ఆ రెండు మాటలు దాటి ముందుకు పోలేదు. కాగితమైతే తడిసినా ఆరబెట్టుకోవచ్చు.

అసలు సంగతికి వస్తాను. నాకు ఒక ఎయిర్‌బ్రష్ కావాలి. బొమ్మ రైలుపెట్టెలకు రంగు చల్లడానికి మీరూ ఆయనా వాడేవారే, అది. కొందామని ఫోనులో వెతికితే వంద రకాలు కనిపించాయి. ఒకటి పెన్నులా ఉంది, ఒకటి తుపాకీలా ఉంది. ఒకదానికి గిన్నె పైన, ఇంకొకదానికి సీసా కింద. బజారులో ఇన్నేళ్ళుగా స్టేషనరీ కొట్టు నడుపుతున్నదాన్ని, పెన్సిలు మొన చూసి కంపెనీ చెప్పగలను. దీని ముందు మాత్రం అక్షరం రానిదాన్నైపోయాను. ఏది మంచిదో, ఎందుకు మంచిదో వివరంగా రాయండి.

బండి ఎలా ఉందని మీరు అడగరు, నేనే చెప్తాను. మా ఊరికి సిమెంటు గూడ్సులు తప్ప మనుషులెక్కే రైలు రాదని మీరిద్దరూ పంతం పట్టి తయారుచేసిన 'జగ్గయ్యపేట ప్యాసింజరు' మేడమీద గదిలో ఉన్నచోటే ఉంది. నాలుగు పెట్టెలు ఎర్రగా, రెండు ఇంకా బూడిదరంగులో ఉన్నాయి. దుమ్ము పడకుండా నా పాత పట్టుచీర కప్పాను. అత్తయ్య మెట్లెక్కలేదు కదా, కిందినుంచే "బండి బాగుందా?" అని అడుగుతూ ఉంటుంది. బాగుందని చెప్తూ ఉంటాను.

వదినను అడిగానని చెప్పండి. మిరప నారు పోశారా?

మీ చెల్లెలు,
లక్ష్మీప్రసన్న


నందిగామ,
ఆగస్టు 19.

చెల్లెమ్మ ప్రసన్నకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదువుతూ నవ్వుకుంటుంటే మీ వదిన వచ్చి, "ఏందట్టా నవ్వుతున్నారు, ఎవరికన్నా పెళ్ళి కుదిరిందా?" అంది. అంతకంటే మంచి కబురే, ప్రసన్న రంగులు వేయడం నేర్చుకుంటుందట అని చెప్పాను. ఇన్నాళ్ళకు ఒక మంచి పనికి పూనుకున్నావు.

ఎయిర్‌బ్రష్ అంటే భయపడాల్సిందేమీ లేదు. మా మిరపతోటకు మందు కొట్టే స్ప్రేయరునే చిటికెనవేలంత చేశారనుకో. గాలి పోతూ పోతూ రంగును తుంపరగా తీసుకుపోతుంది. తేడా అంతా మీటలో ఉంది. సింగిల్ యాక్షన్ అనే రకంలో మీట నొక్కితే గాలీ రంగూ కలిసే వస్తాయి. రంగు ఎంత రావాలో ముందే మర తిప్పి పెట్టుకుంటే చాలు. డబుల్ యాక్షన్ అలా కాదు. నొక్కితే గాలి మాత్రమే వస్తుంది. నొక్కిపట్టి వెనక్కి లాగితేనే రంగు. వెంట్రుకవాసి లాగితే సన్నటి గీత, ఇంకాస్త లాగితే అరచెయ్యంత మబ్బు. అదంతా వేలి కొసలో ఉండే విద్య. దాన్ని పట్టడానికి మీ ఆయనకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో వాడు పాడుచేసిన పెట్టెలన్నీ కలిపితే ఇంకో రైలయ్యేది.

కొత్త చేతికి సింగిల్ యాక్షనే మేలు. గిన్నె పైనున్నది చూడు, రంగు దానంతటదే కిందికి జారుతుంది. మూతి మరీ సన్నం వద్దు, 0.3 మిల్లీమీటర్లదైతే తొందరగా పూడుకుపోదు.

అయినా కొత్తది కొనడం దేనికి? వాడిదుందిగా. గాలినిచ్చే కంప్రెసర్ బల్ల కిందే ఉండాలి. సూదికి రంగు ఎండి ఉంటే కాసేపు థిన్నరులో నానబెట్టు. ఎక్కడైనా ఇబ్బందైతే రాయి.

నీ అన్నయ్య,
కిషోర్‌బాబు


జగ్గయ్యపేట,
సెప్టెంబరు 2.

అన్నయ్యగారికి,

నమస్కారాలు. వాడిదుందిగా అని రాశారు. లేదన్నయ్యా, ఇచ్చేశాం.

పన్నెండో రోజున దానాలకు మీరు లేరు. మంచం, పరుపు, గొడుగు, చెప్పులు, చెంబు, అన్నీ వరసగా ఇస్తుంటే అత్తయ్య ఒక్కసారిగా, "ఇయ్యన్నీ ఎవరు పోయినా ఇచ్చేయేగా. నా కొడుక్కి ప్రాణమైంది ఒక్కటన్నా ఇయ్యరా?" అని ఏడ్చింది. మా అబ్బాయి వినయ్ లేచి తడిబట్టలతోనే మేడమీదికి పోయి ఎయిర్‌బ్రష్ పెట్టె తెచ్చాడు. నీళ్ళు వదిలి పురోహితుడు వీరరాఘవయ్యగారి చేతిలో పెట్టాడు. ఆ రోజంతటిలో నా మనసు కుదుటపడిన క్షణం అదొక్కటే. పోనీలే, అక్కడ ఖాళీగా కూర్చోడు, ఏదో ఒక పెట్టె ముందేసుకుని కూర్చుంటాడు అనుకున్నాను.

మొన్న ఆ గది తుడుస్తుంటే బల్ల కింద కంప్రెసర్ చీపురుకు తగిలింది. అత్తయ్య దాన్ని ఎప్పుడూ పాత ఫ్రిజ్ మోటారనే అనుకుంది. వినయ్‌కూ నాకూ అదేమిటో తెలుసు, దాని గుడగుడ ఎన్నేళ్ళు వినలేదు? అయినా ఆ రోజు ఎవరికీ గుర్తురాలేదు. గొట్టం నేలమీద పడి ఉంది, కొసకు ఏమీ లేదు. బ్రష్ ఇచ్చాం గానీ గాలి ఇవ్వలేదన్నయ్యా.

కాబట్టి నేను అడిగిన బ్రష్ నాకోసం కాదు. కార్తీకంలో సంవత్సరీకం. ఆ రోజు అన్నీ సరిగ్గా ఉన్న సెట్టు ఇవ్వాలి. కంప్రెసర్ ఎలాగూ ఆయనదే ఉంది. బ్రష్ మాత్రం చెయ్యి తిరిగిన మనిషికి తగింది కావాలి. ఇంకా ఏమేం కలవాలో, ఏది తక్కువైతే పని ఆగిపోతుందో అన్నీ రాయండి. మళ్ళీ పొరపాటు జరగకూడదు.

లక్ష్మీప్రసన్న


నందిగామ,
సెప్టెంబరు 9.

ప్రసన్నకు,

కోప్పడకు. చదువుకున్నదానివి, కొట్టును ఒంటిచేత్తో నడుపుకొస్తున్నదానివి, పోయినవాడికి గాలి అందలేదని బెంగపెట్టుకోవడం చూస్తే నాకు భయమేస్తోంది. ఇవన్నీ మన ఊరటకోసం పెట్టుకున్నవి. వాడికీ నాకూ వీటిమీద ఏనాడూ నమ్మకం లేదు. వాడే గనక ఉంటే ఈ మాట విని పడీపడీ నవ్వేవాడు.

ఆ ఆలోచన మానుకో. నేను చెప్పిన సింగిల్ యాక్షన్ కొనుక్కుని ఆ రెండు పెట్టెలకూ నువ్వే రంగు వెయ్యి. మనసు మళ్ళుతుంది.

కిషోర్‌బాబు


జగ్గయ్యపేట,
సెప్టెంబరు 27.

అన్నయ్యగారికి,

మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు, అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

ఆయన ఉంటే నవ్వేవాడని రాశారు. నవ్వితే వినాలనే ఉంది నాకు.

నాకు నమ్మకముందని మీతో ఎవరు చెప్పారు? నమ్మకమే ఉంటే ఇంత బెంగ దేనికి, దేవుడే చూసుకుంటాడని ఊరుకునేదాన్ని. గొడుగు ఇచ్చాం. ఆయన గొడుగు పట్టుకోగా నేనెన్నడూ చూడలేదు. తడిసి వచ్చి నాచేత తిట్లు తినేవాడు. చెప్పులు ఇచ్చాం. అవి ఆయన సైజు కాదు, కొట్లో దొరికినవి ఎవరో తెచ్చారు. అన్నింటిలోకీ జయంత్ అనే మనిషికని ఇచ్చింది ఒక్కటే వస్తువు. అదీ పనికిరాకుండా ఇచ్చాను. పక్క ఊరికి పంపినా టిఫిను డబ్బాతో పాటు చెంచా పెట్టి, చెంచా పెట్టానని రెండుసార్లు చెప్పి పంపేదాన్ని. ఇంత దూరం పంపేటప్పుడు మాత్రం మరిచిపోయాను. అక్కడ అనేది ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే మాత్రం ఆయన ఆ బ్రష్ చేతిలో పెట్టుకుని, నన్ను ఒక్క మాట అనకుండా, గాలికోసం చూస్తూ కూర్చుని ఉంటాడు. ఆయన ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదని మీకు తెలుసు.

సంవత్సరీకం దాటితే ఇక ఏటా తద్దినమే, ఇలా వస్తువులు ఇవ్వడం ఉండదంటున్నారు వీరరాఘవయ్యగారు. నాకున్న అవకాశం ఇదొక్కటే. మీరు చెప్పకపోతే ఫోనులో మొదట కనిపించింది కొని ఇచ్చేస్తాను. అది మళ్ళీ పనికిరానిదైతే ఏం చేయను?

నన్ను తర్వాత తిడుదురు గాని, ముందు ఇది చెప్పండి. 0.2 కొనాలా, 0.3 కొనాలా?

ప్రసన్న


నందిగామ,
అక్టోబరు 12.

అమ్మా ప్రసన్నా,

పెద్దవాణ్ణని నోటికొచ్చినట్టు రాశాను. మనసులో పెట్టుకోకు. నీ ఉత్తరం మీ వదిన చేతికిచ్చాను. ఆమె చదివి, "అడిగింది చెప్పకుండా నీతులు చెప్తారేంది?" అని నన్ను కడిగేసింది. అడిగింది చెప్తాను.

కంప్రెసర్‌కు మనం మరిచిపోయేది తడి పట్టే సీసా. గొట్టానికి మధ్యలో చిన్న గాజు గ్లాసులా ఉంటుంది. అది లేకపోతే గాలిలోని చెమ్మ రంగులో కలిసి పెట్టెమీద నీటిచుక్కలు ఉమ్ముతుంది. గాలి ఒత్తిడి చూపే గడియారం దానిమీదే ఉండాలి. సూది కడుక్కునే సన్నటి బ్రష్షులు, రంగు పలచన చేసుకునే సీసా, మెత్తటి గుడ్డ. కరెంటు ప్లగ్గు మూడు కాళ్ళదో రెండు కాళ్ళదో చూడు. ఇంతే.

ఇక బ్రష్. ఇక్కడే వారం నుంచి నా కలం కదలడం లేదు. చెప్పనని వాడికి మాటిచ్చాను. ఇప్పుడు చెప్పకపోతే నీకు తప్పుడు సలహా ఇచ్చినవాణ్ణవుతాను.

చివరి ఏడాది వాడి వేళ్ళకు స్పర్శ పోయిందమ్మా. షుగరు నరాలను తినేసింది. డబుల్ యాక్షన్ మీట ఎంత లాగుతున్నాడో వాడికే తెలిసేది కాదు. ఒక్కసారిగా రంగంతా కక్కేది. విజయవాడకు సరుకుకని నీతో చెప్పి బస్సెక్కి నందిగామలో దిగేవాడు. స్వీట్ల డబ్బాలో దూది పరిచి పెట్టెను తెచ్చేవాడు. రంగు నేను వేస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మూడో పెట్టే, నాలుగో పెట్టే నా చేతివి. "ప్రసన్నకి చెప్పమాకరా. చేతులు కూడా పోయినయ్యని తెలిస్తే ఇంక నన్ను మంచం దిగనియ్యదు" అన్నాడు. మనిషి నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ రోజు బస్సు ఎక్కించి వచ్చాక నాకు అన్నం సయించలేదు.

అందుకని నువ్వు అడిగినదానికి నా దగ్గర రెండు జవాబులున్నాయి. పాత చేతికైతే డబుల్ యాక్షన్, 0.2, ఇంక ఆలోచించనక్కర్లేదు. చివరి చేతికైతే అది హింస. తుపాకీ పిడి ఉన్న రకం కొనాలి, గుప్పెటతో పట్టుకుని వేలు మొత్తంతో లాగవచ్చు, స్పర్శ లేకపోయినా సాగుతుంది. ఏ చేతికి కొనాలి? నమ్మకం లేదని పెద్ద ఉత్తరం రాసినవాణ్ణి, పొలం గట్టుమీద కూర్చుని కూడా ఇదే ఆలోచిస్తున్నాను.

నీ అన్నయ్య,
కిషోర్‌బాబు


జగ్గయ్యపేట,
అక్టోబరు 24.

అన్నయ్యగారికి,

నాకు తెలుసు.

ఆయన చొక్కా గుండీలు పెట్టిందెవరనుకుంటున్నారు? మొదట్లో అద్దం ముందు నిలబడి చాలాసేపు తంటాలు పడేవాడు. ఒకరోజు, నాకు ఈ చొక్కా ఇస్త్రీ నచ్చలేదు ఇటు తిరగండి అని వంక పెట్టి నేనే పెట్టాను. ఆ తర్వాత రోజూ ఏదో ఒక వంక. ఆయన ఎందుకని అడగలేదు, నేను చెప్పలేదు. రంగు వేసిన రోజు ఆయన గోళ్ళలో వారం దాకా ఎర్రరంగు ఉండేది, అన్నంలో కలుస్తుందని పోట్లాడేదాన్ని. మూడో పెట్టె వచ్చినప్పుడు గోళ్ళు తెల్లగా ఉన్నాయి. విజయవాడ పోయి సరుకు లేకుండా స్వీట్ల డబ్బాతో వచ్చే వ్యాపారిని కట్టుకున్న పెళ్ళాం నమ్ముతుందా? "ఎంత బాగా వేశారండీ" అన్నాను. ఆయన మొహం చూడాల్సింది మీరు. ఆ మొహం కోసం నాలుగో పెట్టెకూ అన్నాను.

ముగ్గురం ఒకరి దగ్గర ఒకరం దాచుకున్నాం. ఆయన పోయాడు, ఇంకా మనమిద్దరం దాచుకుంటున్నాం.

తుపాకీది వద్దన్నయ్యా. డబుల్ యాక్షనే కొనండి, 0.2. అక్కడికి పోయాక కూడా ఆయన వేళ్ళు బాగుపడకపోతే ఇక పోయి ఏం లాభం?

ఇంకో సంగతి. వీరరాఘవయ్యగారు ఈసారి పుచ్చుకోనన్నారు. "పోయినసారి మీ బాధ చూడలేక పుచ్చుకున్నానమ్మా. అదేం చేసుకోవాలో తెలీక మా ఆవిడ చీరల బీరువాలో పెట్టింది. స్వయంపాకం, బట్టలు నాకియ్యండి. ఆ పనిముట్టు మాత్రం పని తెలిసిన చేతికియ్యండి. వాడితేనే గదా ఆయనకి అందేది" అన్నారు. ఆ చెయ్యి మీదే. నవంబరు పన్నెండు బుధవారం. వచ్చి పుచ్చుకోండి.

ప్రసన్న


నందిగామ,
నవంబరు 3.

ప్రసన్నకు,

నువ్వు చెప్పిన బ్రష్ తెప్పించి, తడి పట్టే సీసా, మిగతావన్నీ కలిపి మీ కొట్టు అడ్రసుకు కొరియర్ చేశాను. నేను మాత్రం రాలేను. పత్తి తీతలు మొదలయ్యాయి, కూలీలు దొరకడం లేదు. ఆ రోజు కార్యక్రమం కానిచ్చి సామాను బస్సులో వేస్తే ఇక్కడ దించుకుంటాను.

కిషోర్‌బాబు


జగ్గయ్యపేట,
నవంబరు 6.

అన్నయ్యగారికి,

దానం బస్సులో వేసి పంపరు. పుచ్చుకునే చెయ్యి ఎదురుగా ఉండాలి.

మీరు ఎందుకు రావడం లేదో అడగను. పత్తి అని మళ్ళీ రాయకండి, చాలు. నేనూ మేడెక్కేముందు కింది మెట్టు దగ్గర కాసేపు నిలబడతాను. రోజూ నిలబడతాను, తర్వాత ఎక్కుతాను.

రండి.

ప్రసన్న


నందిగామ,
నవంబరు 20.

అమ్మా ప్రసన్నా,

మొన్న మీ ఇంట్లో చెప్పాల్సిన మాట ఇది. ఇప్పుడు రాస్తున్నాను.

నేను దినానికి కూడా రాకుండా ఏడాది తప్పించుకు తిరిగింది పత్తికోసమూ కాదు, మిరపకోసమూ కాదు. మీ వీధిలోకి రానంతకాలం నా లెక్కలో వాడు ఉన్నాడు. సరుకుకని బయల్దేరే ఉంటాడు, ఏదో ఒక బస్సు దిగుతాడు అన్నట్టే బతికాను. రంగులు తెప్పించినప్పుడల్లా వాడికీ ఒక సీసా తెప్పించాను. కొత్తది దేనికి, వాడిదుందిగా అని నీకు హుషారుగా రాసిందీ ఆ లెక్కలోనే. ఉన్నవాడి బ్రష్ ఎక్కడికి పోతుందని.

వినయ్ నా దోసిట్లో నువ్వులూ నీళ్ళూ వదులుతూ నాన్న పేరూ గోత్రమూ చెప్తుంటే, ఎవరి గురించి చెప్తున్నాడా అనిపించింది. మీ అత్తయ్య వాసవాంబగారు గోడ పట్టుకుంటూ వచ్చి నా చెయ్యి తడిమి చూసి, "వేళ్ళు బానే ఉన్నయ్యి గదయ్యా నీకు" అన్నారు. ఆవిడకూ తెలుసన్నమాట. మనం ఆవిడ దగ్గరా దాచాం.

కంప్రెసర్‌ను బస్సులో ఒళ్ళో పెట్టుకునే వచ్చాను. కండక్టరు, "ఏందండీ అది, ఫ్రిజ్ మోటారా?" అన్నాడు. అవునన్నాను. జయంత్‌గాడితో చెప్పి నవ్వించాల్సిన మాట అనుకుంటూ నందిగామ దాకా వచ్చాను.

వారం రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఇవాళ పొద్దున్నే మీరు ఇచ్చిన ఐదో పెట్టెను బల్లమీద పెట్టి, ఎర్రరంగు పలచన చేసి గిన్నెలో పోశాను. మీట నొక్కితే గాలి వచ్చింది. లాగితే రంగు వచ్చింది. మంచి బ్రష్ అమ్మా, ఎంత అడిగితే అంతే ఇస్తోంది. ఒక పక్క పూర్తిచేసి, కిటికీ కింద గీత సరిగ్గా వచ్చిందో లేదో చెప్పమని పెట్టెను కుడివైపు తిప్పి పట్టుకున్నాను. చాలాసేపు అలాగే పట్టుకున్నాను. కుర్చీ ఖాళీగా ఉంది.

నువ్వు ఇచ్చింది వాడికి చేరిందో లేదో నాకు తెలియదు. వాడు పోయాడన్న సంగతి మాత్రం ఇవాళ నాకు చేరింది.

నీ అన్నయ్య,
కిషోర్‌బాబు